ఒకే డబ్బా, పది తీర్పులు: బాల్కన్ పైపు పొగాకును సరిగ్గా రుచి చూసే పద్ధతి

బాల్కన్ సోబ్రానీ అనే పేరున్న పైపు పొగాకు డబ్బా ఒకటే ముగ్గురికి ఇచ్చి చూడండి. ఒకరు గుగ్గిలం, పాత తోలు, ఎండుద్రాక్ష అంటారు. ఇంకొకరు టైరు కాలిన కంపు అంటారు. మూడో ఆయన ఏముంది ఇందులో, చప్పగా ఉంది అని పక్కన పెట్టేస్తాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఈ తేడాలో చాలా భాగం నాలుకలది కాదు. పొగాకులో తేమ ఎంత ఉంది, ఆ పైపులో అంతకుముందు ఏం కాల్చారు, ఎంత గబగబా పీల్చారు, డబ్బా ఏ ఏడాదిది అన్న నాలుగు సంగతులే తీర్పును అటూ ఇటూ లాగుతుంటాయి. వాటిని ఒక కట్టడిలోకి తెచ్చాక మిగిలేదే అసలైన అభిరుచి భేదం. దాన్ని పట్టుకోవడం ఎలాగో ఇక్కడ అడుగడుగునా రాశాం.

ఇది ఇప్పటికే పైపు కాలుస్తున్న పెద్దవాళ్ళ కోసం. పొగను గుండెల్లోకి పీల్చకపోయినా పెదవి, నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు పైపుతో ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు రుచి చూద్దామని మొదలుపెట్టకండి.

డబ్బాలో ఉండే మూడు ఆకులు

బాల్కన్ మిశ్రమంలో ప్రధానంగా మూడు రకాల ఆకు ఉంటుంది: వర్జీనియా, ఓరియంటల్, లటాకియా.

వర్జీనియా తెలుగువాళ్ళకు కొత్త కాదు. ఒంగోలు, కందుకూరు, జంగారెడ్డిగూడెం వైపు బ్యారన్లలో క్యూరింగ్ చేసేది ఈ జాతి ఆకునే. బ్యారన్ బయట కొలిమిలో మంట పెడతారు, వేడి గొట్టాల ద్వారా లోపలికి వస్తుంది, పొగ మాత్రం ఆకును తాకదు. అందుకే ఆకులో చక్కెర నిలిచి, పొగలో తీపి వస్తుంది. నాలుకను చుర్రుమనిపించే గుణం కూడా ఈ ఆకుదే.

లటాకియా పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. ముందు ఎండలో ఆరిన ఆకును కొట్టంలో వేలాడదీసి, కింద కట్టెలు రాజేసి, వారాల తరబడి పొగ పట్టిస్తారు. సైప్రస్ పద్ధతిలో మాస్టిక్, మిర్టిల్ లాంటి వాసన పొదలు, పైన్ కట్టెలు వాడతారు. ఆకు నల్లగా మారి, పాత వంటింటి చూరుకు పట్టే పొగచూరు వాసన వేస్తుంది. పేరు సిరియాలోని రేవు పట్టణానిది. సిరియా లటాకియా ఇప్పుడు దాదాపు దొరకదు, మార్కెట్లో ఉన్నదంతా సైప్రస్ రకమే అనుకోవచ్చు. ఒంటె పేడ పొగతో తయారవుతుందన్న మాట ఎక్కడైనా కనబడితే నమ్మకండి, అది ఉత్త కట్టుకథ.

టర్కీ, బాల్కన్ దేశాల వైపు పండే ఓరియంటల్ ఆకులు చిన్నవి, చాలావరకు అరచేతికి మించవు. దారానికి గుచ్చి ఎండలోనే ఆరబెడతారు. బాస్మా, ఇజ్మీర్, సామ్సున్, కాటెరిని, ప్రిలెప్ వంటివన్నీ ఊళ్ళ పేర్లో ఆకు రకాల పేర్లో. అన్నిటికంటే పేరుమోసింది యెనిజే. గ్రీసులోని జాంతి దగ్గర ఉన్న ఆ ఊరి ఇప్పటి పేరు యెనిసేయా. జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో 1909లో మసీదు ఆకారంలో కట్టిన సిగరెట్ ఫ్యాక్టరీకి పెట్టింది ఈ ఊరి పేరే. ఓరియంటల్ పొగలో కాస్త పులుపు, కాస్త ఎండుగడ్డి, గంధపు చెక్కను రాసినట్టుండే పొడి వాసన ఉంటాయి.

మా లెక్కలో బాల్కన్ మిశ్రమానికి ప్రాణం ఓరియంటలే. లటాకియా డోలు, ఓరియంటల్ సన్నాయి. డోలు బాదుతుంటే సన్నాయి వినపడదు. చప్పగా ఉంది, ఒకే రుచి అన్న తీర్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది.

పేరుతోనే మొదలయ్యే తగాదా

బాల్కన్ అంటే ఏమిటో పైపు లోకంలో ఒప్పుకున్న నిర్వచనం లేదు. వర్జీనియా మీద లటాకియా పడితే ఇంగ్లిష్ మిశ్రమం, ఓరియంటల్ పైచేయి అయితే బాల్కన్ అని కొందరి లెక్క. లటాకియా దండిగా ఉంటే చాలు బాల్కనే అని మరికొందరి లెక్క. రెండో లెక్కవాళ్ళు మెచ్చుకున్న డబ్బాను మొదటి లెక్కవాళ్ళు కొంటే నిరాశ తప్పదు. కాబట్టి ఎవరి అభిప్రాయమైనా చదివేముందు ఆ మనిషి బాల్కన్ అని దేన్ని అంటున్నాడో చూసుకోండి.

అసలు ఈ పేరు వాడుకలోకి వచ్చింది బాల్కన్ సోబ్రానీ వల్లే. లండన్‌లోని సోబ్రానీ సంస్థ 1879లో మొదలైంది. సోబ్రానీ అంటే స్లావ్ భాషల్లో సభ, సమావేశం. తర్వాత సంస్థ చేతులు మారింది, పాత మిశ్రమం మార్కెట్లోంచి మాయమైంది. 2011లో జెర్సీ ద్వీపంలోని జె.ఎఫ్. జెర్మెయిన్ అండ్ సన్ తయారీతో అదే పేరు మీద మళ్ళీ వచ్చింది. అప్పటినుంచి పాతదానికి ఇది సాటిరాదు, లేదు ఇదే అచ్చం పాతది అన్న వాదులాట నడుస్తూనే ఉంది. ఈ వాదంలో ఒక మెలిక ఉంది. పాతది అంటూ ఇప్పుడు తెరుస్తున్న డబ్బాలు దశాబ్దాలు మాగినవి. ముప్పై ఏళ్ళ ఆవకాయ అనేది ఉంటే దాన్ని నిన్న కలిపిన ఆవకాయ పక్కన పెట్టి తూచినట్టే. ఏళ్ళు గడిచేకొద్దీ లటాకియా కరుకుదనం తగ్గుతుంది, వర్జీనియా తీపి చిక్కబడుతుంది, మూడు ఆకులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మాగిన డబ్బాను తాజా డబ్బాతో పోలిస్తే తెలిసేది వయసు తేడా. తయారీలో తేడా ఉందో లేదో దాన్నిబట్టి చెప్పలేం.

లండన్ కంపెనీ డన్‌హిల్ మిశ్రమాలదీ ఇదే కథ. 2018లో ఆ పేరు మీద పైపు పొగాకు ఆగిపోయి, నైట్‌క్యాప్, ఎర్లీ మార్నింగ్ పైప్ వంటివి ఐర్లండ్ పైపుల కంపెనీ పీటర్‌సన్ పేరుతో వస్తున్నాయి. వాటి గురించి చదివేటప్పుడు ఏ లేబుల్ డబ్బానో తెలియకపోతే ఆ అభిప్రాయాన్ని పక్కన పెట్టడమే మంచిది.

మొదటి అడుగు: తెల్ల కాగితం

డబ్బా తెరిచాక పైనుంచి చిటికెడు తీసుకుని పైపులో వేయకండి. రవాణాలో కుదుపులకు సన్న నుసి అడుగుకు దిగుతుంది, పొడవు పోగులు పైన ఉంటాయి. మొత్తం వెడల్పాటి పళ్ళెంలోకి వంచి, చేత్తో నలపకుండా రెండు మూడుసార్లు పైకీ కిందికీ తిప్పి, మళ్ళీ మూత గట్టిగా పట్టే గాజు సీసాలో పెట్టండి.

అందులోంచి ఒక గ్రాము తెల్ల కాగితం మీద పల్చగా పరవండి. పగటి వెలుతురులో చూస్తే గోధుమ, నారింజ, పసుపు రంగు పోగులు వర్జీనియా. ఆకుపచ్చ ఛాయ కలిసిన లేత గోధుమరంగు సన్న ముక్కలు ఓరియంటల్ కావచ్చు. నల్లవి లటాకియా. ఇక్కడే చాలామంది పొరపడతారు. నల్లగా ఉన్నదంతా లటాకియా కాదు. ఆవిరిలో నల్లబడ్డ వర్జీనియా, నల్ల కావెండిష్ (ఆవిరి పట్టించి నొక్కి నల్లబరిచిన పొగాకు) కూడా అలాగే కనిపిస్తాయి. తేల్చుకోవాలంటే నల్లటి పోగులు నాలుగైదు ఏరి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూడండి. పొగచూరు వాసన గుప్పుమంటే లటాకియా. తియ్యగా, బెల్లప్పాకం వాసన వస్తే మిగతా రెండింట్లో ఏదో ఒకటి.

రెండో అడుగు: ఆరబెట్టడం

అభిప్రాయాలను అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేది తేమ. డబ్బాలోంచి తీసినప్పుడు పొగాకు తరచుగా కావలసినదానికంటే తడిగా ఉంటుంది. తడి పొగాకు కాలదు, ఉడుకుతుంది. ఆ ఆవిరి నాలుకను పొక్కిస్తుంది, పైపు అడుగున నీళ్ళు చేరి గుడగుడలాడుతుంది, ఓరియంటల్ సువాసన మొత్తం అణిగిపోయి తడి బూడిద రుచి మిగులుతుంది. దీన్నే పొగాకు తప్పుగా రాసేవాళ్ళు కోకొల్లలు.

వేళ్ళతో పరీక్ష ఇలా. చిటికెడు పొగాకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి వదలండి. ముద్దగా అతుక్కుని ఉండిపోతే తడి. కరకరమని పొడి అయితే ఎక్కువ ఆరింది. నొక్కిన ముద్ద మెల్లగా విచ్చుకుంటే సరైన పదును.

అంతకంటే ఖచ్చితంగా కావాలంటే బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా వాడండి. 3 గ్రాములు తూచి కాగితం మీద పరవండి. డబ్బాలో తేమ 18 శాతం ఉండి, మనకు 13 శాతం కావాలంటే, ఆ 3 గ్రాములు సుమారు 2.83 గ్రాములకు దిగాలి. అంటే ఆవిరవ్వాల్సిన నీరు ఆరోవంతు గ్రాము. కాటా 2.8 చూపగానే ఆపండి. ఒకసారి ఇలా చేస్తే ఆ పదును వేళ్ళకు గుర్తుంటుంది, తర్వాత కాటా అక్కర్లేదు.

ఎంతసేపు ఆరబెట్టాలి అన్నదానికి ఊరిని బట్టి జవాబు మారుతుంది. వానాకాలంలో కోస్తాలో గంట గడిచినా కాటా కదలకపోవచ్చు, ఫ్యాను కింద పెట్టాల్సి వస్తుంది. ఏప్రిల్ ఎండల్లో అనంతపురంలో పది పదిహేను నిమిషాలకే పెళుసుబారుతుంది. శీతాకాలంలో హీటర్ నడిచే అమెరికా ఇళ్ళలోనూ అంతే వేగం. ఎండలో మాత్రం పెట్టకండి, సువాసన ఎగిరిపోతుంది. ఎక్కువ ఆరిపోతే నీళ్ళు చిలకరించడం కూడా వద్దు, బూజు పడుతుంది. తడి గుడ్డ కప్పిన గిన్నెలో, గుడ్డ పొగాకుకు తగలకుండా, రెండు మూడు గంటలు ఉంచితే పదును తిరిగొస్తుంది.

మూడో అడుగు: పైపు

ఎక్కువ పైపులు చేసే బ్రయర్ చెక్క అంతకుముందు కాల్చినదాన్ని దాచుకుంటుంది. వెనీలా, చెర్రీ పూసిన పొగాకు కాల్చిన పైపులో బాల్కన్ వేస్తే మొదటి నాలుగైదు గిన్నెలు ఆ పాత వాసనతోనే వస్తాయి (పైపులో పొగాకు నింపే భాగం గిన్నె, దాన్ని ఒకసారి నింపి కాలిస్తే ఒక గిన్నె). సబ్బు వాసన, సెంటు వాసన అని రాసినవాళ్ళలో కొందరిని ఇబ్బంది పెట్టింది డబ్బా కాదు, వాళ్ళ పైపే. అటునుంచి ఇటు ఎలాగో, ఇటునుంచి అటూ అంతే. లటాకియా ఒకసారి పట్టిన పైపులో సుతిమెత్తని వర్జీనియా కాలిస్తే పొగచూరు వెంటాడుతుంది. లటాకియాకు ఒక పైపును వేరుగా కేటాయించండి.

పరీక్ష కోసమైతే మొక్కజొన్న కండె పైపు మేలు. చవక, కొత్తది పాత వాసనలు మోయదు. మీర్‌షామ్ అనే తెల్లటి మెత్తని ఖనిజంతో చేసిన పైపు ఉంటే అదీ మంచిదే. గిన్నె లోపలి వెడల్పు 19 నుంచి 21 మిల్లీమీటర్లు, లోతు 35 నుంచి 40 ఉంటే మూడు ఆకులూ ఒకేసారి నిప్పులో పడతాయి. సన్న గిన్నెలో ఒక్కో దమ్ములో ఒక్కో ఆకు వంతు వచ్చినట్టు రుచి చెదురుతుంది. రెండు మిశ్రమాలను పోల్చాలంటే ఒకే కొలత ఉన్న రెండు కండె పైపులు తీసుకోండి.

నాలుగో అడుగు: నింపడం, వెలిగించడం

సుమారు 2.5 గ్రాములు చాలు. మొదట వదులుగా పోసి, నొక్కకుండా గిన్నెను వేలితో తట్టండి. మళ్ళీ పోసి లేతగా నొక్కండి. మూడోసారి అంచుకు కాస్త పైదాకా పోసి కొంచెం గట్టిగా నొక్కండి. పసిపాప చెయ్యి, ఆడమనిషి చెయ్యి, మగమనిషి చెయ్యి అని పాతవాళ్ళు చెప్పే లెక్క ఇదే. వెలిగించక ముందే ఒకసారి గాలి లాగి చూడండి. స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగేటప్పుడు ఉండేంత బిగువు సరిపోతుంది. లేత కొబ్బరి లాగుతున్నట్టు బిగిస్తే మొత్తం తీసి మళ్ళీ నింపాల్సిందే, పైనుంచి గుచ్చి సరిచేద్దామంటే కుదరదు.

అగ్గిపుల్ల గీశాక మందు పూర్తిగా కాలిపోయేదాకా రెండు సెకన్లు ఆగండి, లేకపోతే మొదటి రుచి గంధకానిదే. మంటను గిన్నె చుట్టూ తిప్పుతూ నాలుగైదు చిన్న దమ్ములు లాగండి. పొగాకు పైకి ఉబ్బుతుంది. ట్యాంపర్‌తో, అంటే పొగాకును నొక్కే చిన్న పనిముట్టుతో, మెల్లగా సమం చేసి, ఇంకోసారి వెలిగించండి. అసలు వెలిగింపు ఈ రెండోదే. పెట్రోలు లైటరు ఓరియంటల్ సువాసనను మింగేస్తుంది. గ్యాసు లైటరు పర్వాలేదు.

ఐదో అడుగు: వేగం

సగం డబ్బు పొగాకుకు, సగం ఓపికకు పెట్టాలి. ఇరవై ముప్పై సెకన్లకు ఒక దమ్ము, అదీ వేడి కాఫీ చప్పరించినంత చిన్నది. గిన్నెను చెంపకు ఆనించి చూడండి. మూడు సెకన్లు ఉంచలేకపోతే వేగం ఎక్కువైంది, పైపు పక్కన పెట్టి రెండు నిమిషాలు ఆగండి. ఆరిపోతే సిగ్గుపడక్కర్లేదు, మళ్ళీ వెలిగించండి. 2.5 గ్రాములు ముప్పావు గంట నుంచి గంట దాకా రావాలి. ఇరవై నిమిషాల్లో అయిపోయిందంటే ఆ గిన్నె మీద ఏ అభిప్రాయమూ రాయకండి.

లటాకియాలో చక్కెర తక్కువ, చల్లగా, నెమ్మదిగా కాలుతుంది. దాంతో కొత్తవాళ్ళు ఇది ఎంత గబగబా లాగినా ఏమీ అనదని భ్రమపడతారు. లోపల ఉన్న వర్జీనియా ఊరుకోదు కదా. అలా వేడెక్కిన గిన్నెలో ముందు పోయేది ఓరియంటల్. మిగిలేది కమురు వాసన, చేదు. టైరు కాలిన కంపు అన్న మాట ఎక్కువగా పుట్టేది ఈ స్థితిలోనే.

ఇంకో కిటుకు ముక్కుది. నోట్లోని పొగలో నాలుగోవంతును, అదీ గుండెల్లోకి పోకుండా, ముక్కులోంచి మెల్లగా వదలండి. రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. నోటితోనే వదిలేసేవాళ్ళకు లటాకియా తప్ప ఇంకేమీ అందకపోవడం సహజం. ముక్కు మండితే పొగ ఎక్కువ వదిలారని అర్థం.

తల తిరిగినా, కడుపులో తిప్పినా అది నికోటిన్. వెంటనే పైపు ఆపి, కాస్త పంచదార నీళ్ళు తాగి కూర్చోండి. పరగడుపున ఎప్పుడూ కాల్చకండి.

ఆరో అడుగు: రాసుకోవడం

ఒక్క గిన్నెతో తీర్పు చెప్పడం అన్యాయం. కనీసం మూడు గిన్నెలు, మూడు వేర్వేరు రోజుల్లో. అంతకు మూడు రోజుల ముందునుంచి లటాకియా ఉన్నది ఏదీ కాల్చకండి. ఆ వాసనకు ముక్కు చాలా త్వరగా అలవాటు పడుతుంది. రోజూ కాల్చేవాళ్ళు ఇందులో లటాకియా ఎక్కడుంది అని అడగడం, నెలకోసారి కాల్చేవాళ్ళు ఊపిరాడలేదు అనడం, రెండూ ఒకే డబ్బా గురించి కావచ్చు. ఊరగాయ అన్నం, ఫిల్టర్ కాఫీ అయిన వెంటనే కూడా వద్దు. నోరు పుక్కిలించి గంట ఆగండి. పక్కన మంచినీళ్ళు గానీ చక్కెర లేని నల్ల టీ గానీ పెట్టుకోండి.

గిన్నెను మూడు భాగాలుగా రాయండి. పై భాగంలో లటాకియా ముందుంటుంది. మధ్యలో ఓరియంటల్ పులుపు తేలాలి. తేలకపోతే ఆ మిశ్రమంలో అది తక్కువుందనో, మీ వేగం ఎక్కువుందనో అర్థం. చివరి భాగంలో మూడూ కలిసి చిక్కబడతాయి, చేదు వస్తే అక్కడ ఆపేయండి, అడుగుదాకా కాల్చితీరాలన్న నియమం లేదు. పక్కన తేదీ, పైపు, ఆరబెట్టిన సమయం, ఎన్నిసార్లు వెలిగించారో కూడా రాయండి. ఇంట్లో మిగతావాళ్ళు ఏమన్నారో రాయనక్కర్లేదు. లటాకియా గురించి వాళ్ళ తీర్పు దాదాపు ఎప్పుడూ ఒకటే, అందులో న్యాయమూ ఉంది. బయట కాల్చుకోండి.

ఏడో అడుగు: నచ్చనిది ఏ ఆకో పట్టుకోవడం

మూడు గిన్నెల తర్వాత కూడా నచ్చలేదంటే కారణం వెతకడానికి ఒక మార్గం ఉంది. విదేశాల్లో పైపు పొగాకు దుకాణాలు మిశ్రమాలు కలుపుకోవడానికి మూడు ఆకులనూ విడిగా అమ్ముతాయి. అవి అందుబాటులో ఉంటే మూడు సీసాల్లో పదేసి గ్రాములు కలపండి. మొదటిది వర్జీనియా 6, ఓరియంటల్ 2.5, లటాకియా 1.5. రెండోది వర్జీనియా 3, ఓరియంటల్ 4, లటాకియా 3. మూడోది వర్జీనియా 2.5, ఓరియంటల్ 2.5, లటాకియా 5. రెండు వారాలు మూత తీయకుండా ఉంచండి, తాజాగా కలిపితే ఆకులు ఎవరికి వారే అన్నట్టుంటాయి. మొదటిది నచ్చి మూడోది నచ్చకపోతే మీకు పడనిది లటాకియా మోతాదు మాత్రమే, ఆ ఆకు కాదు. రెండోది ఒక్కటే పుల్లగా, ఎబ్బెట్టుగా ఉందంటే మీ పేచీ ఓరియంటల్‌తో. అలాంటివాళ్ళు బాల్కన్ వదిలి ఇంగ్లిష్ మిశ్రమాల వైపు వెళ్ళడం మేలు. మూడూ నాలుకను కొరికాయంటే ఆకుల జోలికి పోకుండా తేమ, వేగం దగ్గరికే వెనక్కి వెళ్ళండి.

ఇతరుల మాటలు చదవడం

డబ్బా వయసు, పైపు రకం, ఎన్ని గిన్నెలు అన్న మూడూ చెప్పనివాళ్ళ మాటకు సగం విలువే ఇవ్వండి. నాలుక పొక్కింది అంటే తేమనో వేగాన్నో అనుమానించండి. సబ్బు, సెంటు అంటే పైపును. చప్పగా ఉంది అంటే లటాకియా అలవాటును గానీ ముక్కును వాడకపోవడాన్ని గానీ. అదే పైపులో, అదే పద్ధతిలో రెండు మూడు మిశ్రమాలను పోల్చి, దీనికంటే అది తియ్యగా ఉంది, ఇది పుల్లగా ఉంది అని రాసినవాళ్ళు దొరికితే వదలకండి. వాళ్ళ అభిరుచి మీకు సరిగ్గా ఎదురైనా సరే, వాళ్ళు తిట్టినదే మీరు కొనుక్కోవచ్చు.

పరీక్ష అయ్యాక పైపు

కండె పైపు అయితే లటాకియాకే వదిలేయండి. బ్రయర్‌లోంచి వాసన తీయాలంటే, గొట్టం ఊడదీసి, కాడ రంధ్రంలో పైపు క్లీనర్ దూర్చి, గిన్నె నిండా దూది కూరండి. ఇథనాల్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ అంచుకు కొంచెం కిందిదాకా చుక్కలుగా పోయండి, అంచు మీద పడితే మెరుగు పోతుంది. రాత్రంతా నిలబెట్టి ఉంచితే తెల్లారేసరికి దూది కాఫీ రంగులోకి వస్తుంది. తీసేసి, రెండు మూడు రోజులు గాలికి ఆరనివ్వండి. ఆల్కహాల్ వాసన పూర్తిగా పోయేదాకా నిప్పు చూపించకండి. మీర్‌షామ్ పైపుకు ఈ వైద్యం పనికిరాదు, పొడి గుడ్డతో తుడిచి పెట్టడమే.